మూర్ఛ వెనుక దాగిన గుండె

పెద్దలారా, మన గ్రామములలో మూర్ఛ వచ్చి పడినవాని చేతిలో తాళపుచెవుల గుత్తి పెట్టుట మీరెల్లరు చూచినదే. కాళ్లుచేతులు కొట్టుకొని, కన్నులు తేలవేసి, కొంతసేపటికి వాడు లేచి కూర్చుండును. ఇనుము పని చేసినదని చుట్టునున్నవారు తృప్తిపడుదురు. ఇనుము చేసినదేమియు లేదు. చాల మూర్ఛలు రెండు మూడు నిమిషములలో తమంతట తామే విడిచిపోవును. అయితే తాళపుచెవులకు మారుగా ఆ మణికట్టుపై వ్రేళ్లుంచి నాడి చూచినచో, కొందరి విషయమున వ్యాధి తలలో గాక గుండెలో నున్నదని తెలియును. ఈ సంగతి ఐరోపా వైద్యులకు ఒక్కసారిగా తట్టినది కాదు. ఆ చరిత్రమునే నేడు మీకు విన్నవింప దలచితిని.

1768 జూలై 21వ తేదీన లండను వైద్యుల కళాశాలలో విలియం హెబర్డెన్ అను వైద్యుడు ఒక వ్యాసము చదివెను. కొందరికి నడచునపుడు, అందులోను ఎత్తెక్కునపుడు, భోజనానంతరము నడచునపుడు రొమ్ము బిగించినట్లు నొప్పి వచ్చుననియు, నిలుచున్నంతనే అది మాయమగుననియు అందు చెప్పెను. ఆ వ్యాధికి ఆయన పెట్టిన పేరు యాంజైనా పెక్టోరిస్. సంస్కృతము నెరిగిన మనవారు హృచ్ఛూల యందురు. శ్రమించినపుడే వచ్చి, విశ్రమించిన తగ్గి, నెలల తరబడి ఒకే తీరున నుండుదానిని నేటి వైద్యులు స్థిరమైన హృచ్ఛూల యని వేరుచేసి చెప్పుచున్నారు. లక్షణములను ఇంత చక్కగా వర్ణించిన హెబర్డెన్ కారణము దగ్గర మాత్రము దారి తప్పెను. అపస్మారము వలెనే ఇది కూడ తొలినిద్రలో వచ్చి పట్టుట చూచి, నరములకు సంబంధించిన ఈడ్పు వ్యాధి యని తలంచెను. తరువాతి శతాబ్దమున పారిస్ నగరమునందు త్రూసో వంటి మహావైద్యుడు సైతము కొన్ని హృచ్ఛూలలు అపస్మారమునకు మారురూపములని బోధించెను.

హెబర్డెన్ వ్యాసము 1772లో అచ్చుపడెను. దానిని చదివిన ఒక రోగి, పేరు చెప్పుకొనక, తనకును ఆ బాధయే కలదనియు, తాను హఠాత్తుగా మరణించినచో శవమును కోసి పరీక్షింపవలసినదనియు ఆయనకు జాబు వ్రాసెను. కొద్ది వారములలోనే అతడు మరణించెను. శవమును కోసినవాడు జాన్ హంటర్ అను శస్త్రవైద్యుడు. ప్రక్కన నిలిచినవాడు ఆయన శిష్యుడు ఎడ్వర్డ్ జెన్నర్, తరువాత మశూచికమునకు టీకా తెచ్చిన జెన్నరే. గుండెలో చెప్పదగిన దోషము కనబడలేదు. గుండెకే రక్తము నందించు సన్నని నాళములను మాత్రము ఎవరును విప్పి చూడలేదు.

కొంతకాలమునకు జెన్నర్ మరొకని గుండెను కోయుచుండగా కత్తికి గరుకైన గట్టి పదార్థమేదో తగిలెను. పాత పైకప్పునుండి సున్నము రాలెనేమో యని తలయెత్తి చూచెనట. రాలినది సున్నము కాదు. గుండె నాళములే ఎముకవలె గట్టిపడియుండెను. అయినను ఆయన ఈ సంగతిని ప్రకటింపలేదు, ఏలయన గురువగు హంటరునందే ఆ లక్షణములు పొడచూపినవి. శిష్యునకు ఇంతకన్న కఠినమైన పరీక్ష యుండునా? 1793 అక్టోబరు 16వ తేదీన, ఆసుపత్రి సభలో వాగ్వాదము జరుగుచుండగా, హంటర్ కూలి మరణించెను. ఆయన నాళములును గట్టిపడియే యుండెను. జెన్నర్ మౌనము వైద్యమునకు నష్టమే. కాని నేనాయనను నిందింపజాలను.

ఇక మూర్ఛ మాట. నాడి మిక్కిలి మందముగ నుండి మూర్ఛపోవు రోగులను గూర్చి ఇటలీలోని పాదువాలో మోర్గాన్యి 1761లోనే వ్రాసెను. 1827లో డబ్లిన్ వైద్యుడు రాబర్ట్ ఆడమ్స్, 68 ఏండ్ల రెవెన్యూ ఉద్యోగి యొకని వృత్తాంతము ప్రకటించెను. అతడు పలుమారులు స్పృహ తప్పి పడెడివాడు. నాడి నిమిషమునకు 30. దోషము మొదట మెదడున లేదు, గుండెలోనే యని ఆడమ్స్ వాదించెను. 1846లో అదే నగరపు విలియం స్టోక్స్ మరికొందరిని వర్ణించెను. గుండె కొన్ని సెకనులు నిలిచినచో రక్తమందక మెదడు తల్లడిల్లును, కాళ్లుచేతులు కొట్టుకొనును. చూచువారికి అది అపస్మారమే.

నాళములు ఇరుకైనవానికి శ్రమలో రొమ్మునొప్పియు, గుండె లయ తప్పి ఇట్లు పడుటయు రెండును కలుగవచ్చును. నిజమైన అపస్మారమును వానికి చేటే, పెద్ద మూర్ఛ గుండెను పరుగెత్తించును గనుక. ప్రతి మూర్ఛయు గుండెదని నేననుట లేదు. కాని నడివయస్సు దాటినవాడు మొదటిసారి మూర్ఛపోయినచో, నోటిలో నేమియు పెట్టక, ప్రక్కకు ఒత్తిగిల పరుండబెట్టి, నాడి చూచి, 108కి కబురుచేసి ఆసుపత్రికి చేర్చుడు. ఇంతకుముందు నడకలో వానికి రొమ్ము బిగియుచుండెనా యను మాట వైద్యునకు తప్పక చెప్పుడు. విశ్రాంతిలోను నొప్పి వచ్చుచున్నచో అది స్థిరమైనది కాదు, తెల్లవారువరకు ఆగరాదు.

ఆడమ్స్ రోగికి ఆనాడు మందు లేదు. 1958 నాటికి స్టాక్‌హోమ్ నగరమున ఆర్నె లార్సన్ అను 43 ఏండ్లవాడు దినమునకు ఇరువది ముప్పది మారులు ఇట్లే పడుచుండెను. ఆతని భార్య పట్టుబట్టి వైద్యులను వదలలేదు. రూనె ఎల్మ్‌క్విస్ట్ అను ఇంజనీరు బూటుపాలిషు డబ్బీ అచ్చున పోసి చిన్న విద్యుత్పరికరమును చేసెననియు, అక్టోబరు 8వ తేదీన ఓకె సెన్నింగ్ దానిని లార్సన్ శరీరమున అమర్చెననియు చెప్పుదురు. అది కొన్ని గంటలే పనిచేసెను. మరల మరల మార్చుచు ఇరువదికి పైగా పరికరములు వాడి, లార్సన్ ఆ ఇంజనీరునకును ఆ వైద్యునకును తరువాత కూడ జీవించి, 2001లో 86వ ఏట కాలధర్మము చెందెను.