మన మిద్దెయిండ్లు: వాని పొందిక, వాని సింగారము

గృహాలంకరణమనగానే పట్టణములలోని మేడలు, అద్దాల బీరువాలు, రంగుతెరలు మన మనస్సునకు తోచును. పల్లెటూరి యింటికి అలంకారమేమి, ఉన్న చోటును పొందికగా వాడుకొనుట యొక విద్యయా యని కొందరు పెద్దలు నవ్వవచ్చును. కాని అనంతపురపు మెట్టసీమలో, అందును చిలమత్తూరు ప్రాంతమున, ఈ రెండు విద్యలును తరతరములుగా ఇంటింట నిలిచియుండెను. వానికొక చరిత్ర కలదు. దానిని క్లుప్తముగా మనవిచేయుటయే నేటి నా ప్రసంగోద్దేశము. నేను చెప్పదలచినది ఒక్కటే. మన పూర్వులు ఇంటి అందమును, ఇంటి మరమ్మతును, ఇంటి పొదుపును మూడు పనులుగా నెంచలేదు. వారికి ఆ మూడును ఒక్కటే పని. ఈ సంగతి మరచి మనము కొంత నష్టపోయితిమి. ఇప్పుడైనను తలచుకొననిచో మిగిలినదియు పోవును.

చిలమత్తూరు మన రాష్ట్రపు దక్షిణపుటంచున, కన్నడదేశము నానుకొని యున్నది. 1882లో బళ్లారి జిల్లానుండి వేరుచేసి అనంతపురము జిల్లా నేర్పరచిరి. 2022 ఏప్రిలులో ఆ జిల్లాను మరల విభజింపగా ఈ ప్రాంతము శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. జిల్లాల పేర్లు మారినను ఆకాశము మారలేదు. ఈ సీమలో ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అనగా 22 అంగుళములు. అదియు అదనుకు పడదు. వాన తక్కువైన చోట మానులు తక్కువ. మానులు తక్కువైన చోట నిడుపైన దూలము దొరకుట అరుదు. దూలమెంత పొడవో గది అంత వెడల్పు. రాయి, మన్ను మాత్రము కావలసినంత కలవు. కావుననే మన ఇండ్లలో గదులు ఇరుకు, గోడలు మందము, కప్పు చదును. మిగిలిన నేర్పంతయు ఈ మూడు నిబంధనలలోనుండి పుట్టినదే.

ఈ చదునుకప్పు నిన్న మొన్నటిది కాదు. సుమారు 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన డొమింగో పేస్ అను పోర్చుగీసు బాటసారి, ఆ సీమలో తాను చూచిన ఇండ్లు ఒంటి అంతస్తువనియు, కప్పులు చదునైనవనియు వ్రాసియున్నాడు. అతడే రాజమందిరమున నొక గదిని చూచెను. దాని గోడలు, స్తంభములు, పైనున్న గులాబీలు, తామరలు సమస్తమును ఏనుగుదంతముతో చెక్కినవట. రాజునకు దంతము, రైతునకు మన్ను. పేస్ చూచిన దంతపుగది నేడు లేదు. చదునుకప్పు మాత్రము మన మిద్దెలలో నిలిచినది.

చిలమత్తూరునకు పొరుగుననే లేపాక్షి యున్నది. అచ్యుతదేవరాయలు ఏలిన కాలమున, అనగా 1529-42 సంవత్సరముల నడుమ, పెనుకొండ కోశాధికారియైన విరూపణ్ణయు, అతని తమ్ముడు వీరణ్ణయు అచ్చటి వీరభద్రాలయమును విస్తరింపజేసిరి. ఆ మంటపముల కప్పులపై పార్వతీ కల్యాణము, కిరాతార్జునీయము, వటపత్రశాయి మొదలగు చిత్రములు కలవు. 2022లో ఐక్యరాజ్యసమితి విద్యా విజ్ఞాన సాంస్కృతిక సంస్థవారి తాత్కాలిక జాబితాలో ఈ ఆలయమును, ఏకశిలా నందిని చేర్చిరి. మనము గమనింపవలసినది ఆ రంగులను. కావియెరుపు, పసుపుమన్ను, సున్నపు తెలుపు, మసినలుపు వానిలో ప్రధానములు. ఇవి పరదేశమునుండి కొనితెచ్చిన వస్తువులు కావు. మన జేజెమ్మలు గోడకు పూసిన సున్నము, గడపకు రాసిన జాజు ఈ కోవలోనివే. దేవుని కప్పునకును మన గడపకును రంగులు ఈ మన్నే ఇచ్చినది.

ఇక మిద్దె కట్టుబడిని చూతము. రాయి, మన్ను కలిపి మూరెడుకు తక్కువకాని మందమున గోడలు లేపుదురు. కంబములపై దూలములు, దూలములపై దంతెలు, దంతెలపై చెక్కలో బండలో పరచుదురు. దానిపై కానుగ, వావిలి రొట్ట, ఆ పైన త్రొక్కిన మన్ను, అన్నిటిపై చౌడు. ఈ చౌడునందే మర్మమున్నది. చౌడునేలలో సోడియపు లవణములు అధికము. తడి తగిలినంతనే ఆ మట్టిరేణువులు విడివడి, ఉబ్బి, సందులను పూడ్చివేయును; నీరు లోనికి దిగక పైపైన జారిపోవును. ఏ గుణముచే ఆ నేల పైరుకు పనికిరాదో, ఆ గుణముచేతనే అది కప్పునకు పనికివచ్చినది. బీడును కప్పుగా మార్చుకొనినవారి తెలివి సామాన్యమైనది కాదు.

ఇంటి కొలత అంకణములలో నుండెడిది. రెండు దూలముల నడిమి చోటు ఒక అంకణము. ముందంకణమున ఎద్దులు, నడిమి అంకణమున మనుష్యులు, లోపలి అంకణమున పొయ్యి, ధాన్యము. ఎద్దులు ఇంటనుండుట మురికియని నేటివారందురు. దొంగభయము, చలి, చిరుతపులి యున్న కాలమున అది కాపుదల. కిటికీలు తక్కువ గనుక కప్పున గవాక్షి విడిచిరి. దానికి కుండమూతినో రాతిచట్రమునో అమర్చి, వాన వచ్చినపుడు బండతో మూయుదురు. ఆ వెలుగు తిన్నగా తిరుగలిమీదనో పొయ్యిదగ్గరనో పడునట్లు చూచుకొనిరి. పొగకు దారియు అదియే.

చోటును వాడుకొనుటలో వారి నేర్పు గోడలయందు కనబడును. మందపు గోడను తొలిచి గూళ్లు చేసిరి. దీపమునకొక గూడు, దేవునికొక గూడు, లెక్కపుస్తకమునకొక గూడు. బీరువాకు పెట్టవలసిన చోటును గోడ కడుపులోనే పెట్టిరన్నమాట. దూలమునుండి ఉట్టి, ఉట్టిలో పెరుగు. ఆ దూలమునకే పసిబిడ్డ ఉయ్యాల. గోడవెంట దండెము, దానిపై మన కురుబలు నేసిన కంబళ్లు. మూలలో దొంతి: అడుగున పెద్దబాన, దానిపై క్రమముగా చిన్నకుండలు. ఒక్క కుండ పట్టుచోటున అయిదారు కుండలు నిలుచును; బూడిద కలిపిన విత్తనములు, పప్పులు వానిలో దాగును. పైన అటక. వెలుపల అరుగు, దాని కడుపున కోళ్లగూడు. మిద్దెపైన పిట్టగోడ నడుమ చింతపండు, మిరపకాయలు ఎండును. వేసవిరాత్రులు ఇంటిల్లిపాదియు అచ్చటనే పండుకొందురు. ఇంతకంటె స్థలమును పొదుపుగా వాడుట ఏ వాస్తుశిల్పియు నేర్పలేడు.

అన్నిటికంటె గొప్పది కంటికి కనబడదు. అది పాతర. పడసాలయందో వాకిటనో గోయి త్రవ్వి, గడ్డి చుట్టి, రాగులో జొన్నలో పోసి, సన్నని మూతిని బండతో మూసి, మన్ను మెత్తుదురు. రాగులు పాతరలో ఏండ్లతరబడి చెడవు. లోపల విషవాయువు నిలుచును గనుక, తెరచిన పిమ్మట కొంతసేపు గాలి పారనిచ్చి, దీపము దింపిచూచి, అది ఆరినచో దిగకుందురు. 1876-78లో వచ్చిన మహాక్షామమున ఈ సీమ బళ్లారి జిల్లాలోనుండెను. మదరాసు రాజధానిలో మిక్కిలి దెబ్బతిన్న జిల్లాలలో అదియొకటి. అట్టి కాలమున పాతరలో గింజయున్న యిల్లే ఇల్లు. పడసాల నేలను నున్నగా అలికి ముగ్గు పెట్టినపుడు, ఆ ముగ్గుక్రింద రెండేండ్ల అన్నమున్నదను ధైర్యము ఆ యింటి అసలు సింగారము.

ఇక బయటి సింగారము. పండుగకు ముందు గోడలకు సున్నమో సుద్దయో కొట్టి, అడుగున జాజు పట్టెలు దిద్ది, నేలను పేడతో అలికి, గడపకు పసుపు కుంకుమలు పెట్టి, వాకిట ముగ్గు వేయుదురు. దీనిని వేడుకగా మాత్రమే చూడరాదు. సున్నము పురుగును చంపి గోడకు గట్టితనమిచ్చును. అలుకుట నెర్రెలను మూయును. జాజు పట్టె దిద్దుటకు వంగిన చేతికి గోడయడుగున చెదపుట్ట తగులును. కప్పునకు కొత్తచౌడు తోలుటయు వానకాలమునకు ముందే. అనగా పండుగ యనునది ఇంటికి ఏటేట జరుగు తనిఖీ. ఆ యేడు సున్నము పడని యింటిని చూచి, అచ్చట మనుష్యులు చితికిరని ఊరివారు గ్రహించెడివారు.

మిద్దెను పొగడుటలో దాని లోపములను దాచరాదు. ఎడతెగని ముసురు పట్టినచో మిద్దె కారును. కొన్నిమార్లు కూలి ప్రాణములు తీసినది. లోపల చీకటి, పొగ. అలుకుట, పూయుట, ముగ్గు పెట్టుట, ఈ శ్రమయంతయు స్త్రీలదే. మరియు ఊరిలో అందరికిని మిద్దె లేదు. కూలినాలి జనులు, ఊరివెలుపల నుంచబడినవారు బోదకొట్టములలో బ్రదికిరి. వారికి పాతరయు లేదు, అందులో పోయుటకు గింజయు లేదు. అయినను ఆ కొట్టముల గోడలపై తీర్చిన సుద్దచుక్కలు ఏ మిద్దెకును తీసిపోవు. ప్రభుత్వము కట్టించిన పక్కాయిల్లు అట్టివారికి మొదటిసారి కారని కప్పునిచ్చినది. దానిని తక్కువచేసి మాటాడుట తగదు.

మార్పు ఎట్లు వచ్చినది? 1865లో మంగుళూరున బాసెల్ మిషను వారు పెంకుల కర్మాగారము పెట్టిరి. ఆ పెంకులు క్రమముగా కన్నడసీమ దాటి మనవైపు వచ్చెను. పిమ్మట రేకులు, అటుపిమ్మట సిమెంటు కాంక్రీటు. లోపలి మార్పు ఇంకను పెద్దది. రాగి, జొన్న చేలు వేరుసెనగకు తావిచ్చినవి. వేరుసెనగ పాతరకు పోదు, అంగడికి పోవును. 1983లో కిలో రెండురూపాయల బియ్యము వచ్చినది; పాతర అవసరము తీరినది. ఆకలి తగ్గుట మేలే. కాని పాతరతోపాటు పడసాల అర్థము పోయినది. ఎద్దులు పోగా ముందంకణము అర్థము పోయినది. పని లేని అంకణము పాడుపడును. చౌడు తోలువారు లేక కప్పులు కారినవి; కారిన మిద్దెను పడగొట్టి కొత్త యిల్లు కట్టుచున్నారు.

ఆ కొత్త యింటిలో చైత్ర వైశాఖములందు పండుకొని చూడుడు. అయిదంగుళముల కాంక్రీటు పగలెల్ల ఎండను త్రాగి రాత్రియెల్ల క్రక్కును. మందపు మన్ను ఎండను అంత త్వరగా లోనికి రానీయదు. ముసలివారు, పసివారు ఈ వేడిమికి మొదట లొంగుదురు. కనుక ఇది అందచందముల ముచ్చట మాత్రమే కాదు.

పాతది చచ్చుటయే గతి యని నేననను. ధర్మవరము చేరువనున్న నిమ్మలకుంటలో తోలుబొమ్మలవారున్నారు. మేకతోలును వెలుగు చొచ్చునంత పలుచన చేసి, రంగులద్ది, ఉలితో రంధ్రములు పొడిచి రామాయణ భారతముల బొమ్మలాడించిన వంశములవి. ఆటకు జనము తగ్గగా, ఆ తోలుతోనే దీపములకు గొడుగులు, గోడకు వ్రేలాడు చిత్రములు చేయసాగిరి. 2020లో ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి పద్మశ్రీ బిరుదము లభించినది. వెనుక దీపముంచి రంగును వెలిగించుటయే ఆ విద్యకు ప్రాణము. అది తెరమీదనుండి ఇంటిలోనికి వచ్చి బ్రదికినది. మిద్దె విద్యయు అట్లే బ్రదుకవచ్చును.

అయితే దానిని పైవారెవ్వరును తెచ్చియీయలేరు. ఈజిప్టు దేశమున హసన్ ఫతీ అను వాస్తుశిల్పి 1946 ప్రాంతమున గుర్నా ప్రజలకై మట్టియిటుకలతో చక్కని గ్రామము నిర్మింపబూనెను. లోకము మెచ్చినది, కాని ఆ ప్రజలలో చాలమంది అందులోనికి రాలేదు. ఇల్లు ఎంత అందమైనదైనను, అందులో నుండువారి మనసొప్పక నిలువదు. కనుక ఈ పని మీది.

పెద్దలారా, మీ కుమారులు పాత మిద్దెను పడగొట్టుటకు ముందు నాలుగు పనులు చేయింపుడు. అంకణములు కొలిచి, ఏది ఎచ్చటనుండెనో మనుమలచేత కాగితముపై వ్రాయింపుడు. దూలములు, వాకిళ్లు, రాతికంబములు తక్కువవెలకు పోనీయక కొత్త యింటిలో చేర్చుడు. మేస్త్రీతో చెప్పి గోడలో గూళ్లు, పైన అటక, పొగ పోవుటకు గవాక్షి పెట్టింపుడు. గోడ కట్టునపుడే చేయించినచో వీనికి ఖర్చు స్వల్పము. వేసవికి ముందు కాంక్రీటు కప్పుపై తెల్లసున్నము రెండుపూతలు పూయింపుడు. తెల్లనికప్పు ఎండను త్రిప్పికొట్టును. 2023లో తెలంగాణ ప్రభుత్వము చల్లనికప్పుల విధానమును ప్రకటించి చెప్పినదియు ఇదియే. మన జేజెమ్మలు గోడకు చేసినదానిని మనము కప్పునకు చేయవలెను.

చౌడు ఏ గుంటనుండి తేవలెనో, ఎంత మందము వేయవలెనో, ఏ కార్తెలో తోలవలెనో చేతితో చేసి యెరిగినవారు ప్రతియూరను కొద్దిమందియే మిగిలియున్నారు. ఈ పుస్తకము చదువుచున్న మీలో వారుండవచ్చును. ఆ మాట మీ నోటనుండి వచ్చి ఒక చిన్నవాని చెవిలో పడవలెను. లేపాక్షి కప్పును కాపాడుటకు ప్రభుత్వమున్నది. మీ యింటి కప్పు విద్యను కాపాడువారు మీరు తప్ప మరియొకరు లేరు.