ఇన్యాంగా వైద్యం: నాటాల్ చరిత్ర

దక్షిణాఫ్రికా తూర్పు తీరాన ఉన్న నాటాల్‌లో చెట్టుమందు ఇచ్చే జూలూ వైద్యుణ్ణి ఇన్యాంగా అంటారు. పూర్వీకుల ఆత్మలను అడిగి రోగమూలం చెప్పేవాళ్లు సంగోమాలు. వీరిలో ఆడవాళ్లే ఎక్కువ. మన నాటువైద్యుడు, సోదెగత్తె కొంతవరకూ ఈ జంటకు పోలిక. జూలూలో 'ఉముతి' అంటే చెట్టు, మందు కూడా.

సంగోమా అయ్యేది కోరుకుని కాదు. వదలని జబ్బు గానీ కలలు గానీ పట్టుకుంటే అది పూర్వీకుల పిలుపని నమ్మి, గురువు దగ్గర చేరతారు. అక్కడ వేళ్లపొడి కలిపిన నీళ్లలో చీలికకర్ర నిలిపి, రెండు అరచేతుల మధ్య కవ్వంలా తిప్పుతారు. తెల్లగా నురగ పొంగే ఈ మందే ఉబులావు. అది పుచ్చుకుంటే కలలు తేటపడతాయంటారు. సాంబ్రాణిలా ఇంపెఫో ఆకు పొగ వేస్తారు.

1891 నాటాల్ చట్టం ఇన్యాంగాకు లైసెన్సు ఇచ్చి, సంగోమాను నిషేధించింది. మందు వేరు, సోదె వేరు అన్నది బ్రిటిష్ పాలకుల లెక్క. రోగికి ఆ గీత ఎప్పుడూ అంత స్పష్టంగా లేదు. ఈ చట్టానికి ముందే, 1860 నుంచి మద్రాసు ఓడల్లో నాటాల్‌కు వచ్చిన కూలీలలో తెలుగువాళ్లూ ఉన్నారు. తర్వాతి దశాబ్దాల్లో భారతీయులు కొందరు ఈ మందుల వ్యాపారంలోకి దిగారు.

1940లో మఫవుకె న్‌గ్కోబో అనే ఇన్యాంగా కోర్టు బోనెక్కాల్సి వచ్చింది. అతని వైద్యం సంప్రదాయానికి తగ్గట్టు లేదని, తెల్లవాళ్ల మందులషాపు తీరులో ఉందని ఆరోపణ. సంప్రదాయం ఏదో కూడా సర్కారే తేల్చాలన్నమాట! 1957 మంత్రవిద్యల అణచివేత చట్టం సోదె చెప్పేవాళ్లపై పట్టు మరింత బిగించింది.

వర్ణవివక్ష పోయాక, 2004లో సంప్రదాయ వైద్యుల నమోదుకు చట్టం వచ్చింది. జనాభిప్రాయం సరిగా వినలేదని రాజ్యాంగ న్యాయస్థానం 2006లో అది చెల్లదంది. 2007లో మళ్లీ చేశారు. సంగోమాలు, ఇన్యాంగాలతోపాటు మంత్రసానులు, సున్తీ చేసేవాళ్లూ అందులోకి వచ్చారు.

ఇప్పుడు అసలు ఇబ్బంది చట్టంలో కన్నా అడవిలో ఉంది. దగ్గు, జలుబులకు వాడే ఇసిభాహా చెట్టుకు చుట్టూరా బెరడు ఒలిచేయడంతో అది నాటాల్ అడవుల్లో అరుదైపోయింది. బెరడు మాని ఆకు వాడమని వృక్షశాస్త్రజ్ఞులు చెబుతున్నారు. డర్బన్‌లో, సగంలో ఆగిపోయిన ఫ్లైఓవర్ మీద నడిచే మూలికల బజారులో బెరళ్లు, వేళ్లు కుప్పలుగా పోసి అమ్ముతారు. ఇంబిజా అనే మూలికల కషాయం మాత్రం ఇప్పుడు లేబులు అంటించిన ప్లాస్టిక్ సీసాల్లోనూ దొరుకుతుంది.