తిరుపతి శాస్త్రి, బొంబాయి అచ్చు, చదరంగపు ముగింపులు

ఫాక్‌లాండ్ రోడ్డు పరిసరాల్లో పెరిగిన తెలుగు విద్యార్థులకు కామాఠీపురం పేరు ఎలా వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు. పద్దెనిమిదో శతాబ్దం చివర నిజాం రాజ్యం నుంచి వలస వచ్చి, ఈ నగరానికి రాళ్లెత్తిన కామాఠీల పేరే పేటకు నిలిచింది. ఆ తొలి తరం ఇక్కడ కుదురుకుంటున్న కాలంలోనే, 1814లో, బొంబాయిలో చదరంగం మీద ఒక ఆంగ్ల గ్రంథం అచ్చయింది. రచయిత తిరుపతికి చెందిన పండితుడు. అట్ట మీద ఆయన పేరు 'ట్రెవంగడాచార్య శాస్త్రి' అని పడింది. అది తిరువేంగడాచార్య అని గుర్తుపట్టడానికి మనకు ఎంతోసేపు పట్టదు గాని, పాశ్చాత్య చరిత్రకారులు ఆ వికృత రూపాన్నే రెండు వందల ఏళ్లుగా మోస్తున్నారు.

మూలం సంస్కృతం, పేరు 'విలాసమణిమంజరి'. ఆట మొదటి నుంచి చివరి దాకా నేర్పే పుస్తకం కాదిది. చిక్కు స్థితులను ఇచ్చి, ఆటకట్టు ఎలాగో చూపుతుంది. ఆంగ్ల శీర్షికలో 'ఐరోపా పద్ధతికి అనుగుణంగా మార్చినది' అన్న మాట ఉంది. అసలు విషయం ఆ మాటలోనే ఉంది.

అప్పటి దేశీ ఆటలో ఊరూరికీ తేడాలున్నా కొన్ని నియమాలు చాలాచోట్ల కనబడతాయి. బంటు ఒక్క గడే కదులుతుంది. చెక్ పడని రాజు ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. ముగింపును తలకిందులు చేసే నియమం మాత్రం వేరు. చివరి వరుస చేరిన బంటు మనం కోరినది కాదు, ఏ నిలువు వరుసలో చేరిందో ఆ వరుసకు చెందిన బలం అవుతుంది. ఏనుగు వరుసలో ఏనుగు, గుర్రం వరుసలో గుర్రం.

దీని ఫలితం చూడండి. ఐరోపా ఆటలో అంచు బంటు అన్నిటికన్నా బలహీనం, ఎదుటి రాజు మూలకు చేరితే గెలుపు పోతుంది. దేశీ ఆటలో గమ్యం చేరిన అంచు బంటు ఏనుగవుతుంది, ఏనుగుతో ఆట కట్టవచ్చు. గుర్రం, శకటు వరుసల బంట్లు నాలుగూ ఎంత శ్రమపడి చేరినా ఒంటరి గుర్రమో శకటో మిగులుతుంది. రాజు తోడున్నా వాటితో కట్టు పడదు. ఎనిమిది వరుసల్లో సగం వట్టిపోయినట్టే. పైగా చాలాచోట్ల ఎదుటివాడి బలాలన్నీ తినేస్తే అది సగం గెలుపే. అందుచేత నేర్పరి ఎదుటివాడికి ఒక బలాన్ని వదిలి, దాని అడ్డు తప్పించుకుంటూ, వీలైతే బంటుతోనే ఆట కట్టేవాడు. తిండిపోతు గెలవలేని ఆట ఇది.

బలాల నడక మారితే ముగింపు శాస్త్రమే మారుతుందనడానికి అరబ్బుల షత్రంజ్ ఇంకా పాత సాక్ష్యం. అందులో మంత్రి ఐమూలగా ఒక్క గడే నడుస్తాడు, ముప్పైరెండు గడులే తొక్కగలడు. శకటు స్థానంలోని బలం రెండో గడికి దూకుతుంది, దాని లోకమంతా ఎనిమిది గడులే. పదో శతాబ్దంలో అస్సూలీ అలాంటి బలహీన బలాలతో కూర్చిన ఒక ముగింపుకు, ఇరవయ్యో శతాబ్దం చివర రష్యా పండితుడు యూరీ అవెర్‌బాఖ్ గాని పరిష్కారం చూపలేకపోయాడు.

మన శాస్త్రిగారి స్థితులను 1817లో విలియం లూయిస్ లండన్ పాఠకులకు అందించాడు. దేశీ ఆట నేర్చి వెళ్లిన పంజాబీ సుల్తాన్ ఖాన్ 1929, 1932, 1933లలో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. ప్రారంభాల్లో తడబడినా ముగింపుల్లో అతనికి ఎదురు నిలవడం కష్టమయ్యేది. అయితే నియమాల మాట వేరు. అచ్చులోకి వెళ్లేటప్పుడు ఐరోపా తొడుగు వేసుకున్నందువల్లనే ఆ స్థితులు బతికాయి. దేశీ నియమాలు ఆడేవారి నోళ్లలోనే ఉండిపోయాయి.

కనుక మీ చాళ్లలో పాత పద్ధతిలో ఆడిన పెద్దలెవరైనా ఉంటే, నాలుగు ప్రశ్నలు అడిగి రాసుకోండి. బంటు ఏ వరుసలో ఏమవుతుంది? రాజుకు దూకుడుందా? చెక్ లేకుండా రాజు కదలలేకపోతే ఏం చేస్తారు? చివరి బలాన్ని తినవచ్చా? జవాబుతో పాటు, వారి పెద్దలు ఏ జిల్లా నుంచి వచ్చారో కూడా రాయండి.