అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో ఆప్టోమెట్రీ రెసిడెన్సీ: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
కళ్లద్దాల దుకాణాన్ని ఆశ్రయించి పెరిగిన ఆప్టోమెట్రీ వృత్తి ఆసుపత్రిలోకి ప్రవేశించిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ ప్రవేశానికి అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 1975లో మొదలైన రెసిడెన్సీ శిక్షణ ప్రధాన మార్గమైందని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఆప్టోమెట్రీ, రెసిడెన్సీ, మాజీ సైనికులు, వృత్తివిద్య, నేత్రవైద్యం.

1. ఉపోద్ఘాతం:
తెలుగువారి వాడుకలో ‘కంటి డాక్టరు’ అన్న మాట ఒక్కటే. కంటికి శస్త్రచికిత్స చేసే నేత్రవైద్యుడినీ, చూపును కొలిచి అద్దాలు రాసే ఆప్టోమెట్రిస్టునూ జనం ఆ మాటతోనే పిలుస్తారు. అమెరికాలో మాత్రం ఈ రెండు వృత్తులూ వేర్వేరు కళాశాలల్లో, వేర్వేరు చట్టాల కింద రూపుదిద్దుకొన్నాయి. 1901లో మిన్నెసోటా రాష్ట్రం ఆప్టోమెట్రీని గుర్తిస్తూ తొలి చట్టం చేసింది. 1924 నాటికి తక్కిన రాష్ట్రాలన్నీ అదే బాట పట్టాయి. అయితే చట్టం ఇచ్చిన గుర్తింపు కటకాలకూ కొలతలకూ పరిమితమైనది. రోగంతో, మందుతో, ఆసుపత్రితో ఆ వృత్తికి సంబంధం స్వల్పం. ఈ దూరం ఎలా తగ్గిందన్నదే ఇక్కడి చర్చనీయాంశం.

2. పూర్వరంగం:
రెండవ ప్రపంచయుద్ధం ముగిసేనాటికి లక్షలాది సైనికుల వైద్యభారం అమెరికా ప్రభుత్వంపై పడింది. మాజీ సైనికుల పాలనా సంస్థకు అప్పటి అధిపతి జనరల్ ఒమర్ బ్రాడ్లీ. 1946 జనవరిలో ఆ సంస్థ జారీ చేసిన రెండవ విధాన పత్రం ఆసుపత్రులను వైద్య కళాశాలలతో అనుసంధానించింది. రోగికి కళాశాల అధ్యాపకుల వైద్యం, విద్యార్థికి రోగుల వద్ద అనుభవం అన్నవి ఈ ఏర్పాటులోని ఇచ్చిపుచ్చుకోళ్లు. ఆప్టోమెట్రీ కళాశాలలు చాలాకాలం ఈ ఏర్పాటుకు వెలుపలే ఉండిపోయాయి.

చూపు కోల్పోయిన సైనికుల పునరావాసం మరొక ధార. పెన్సిల్వేనియాలోని వ్యాలీ ఫోర్జ్ సైనిక ఆసుపత్రిలో రిచర్డ్ హూవర్ పొడవు చేతికర్రతో నడిచే పద్ధతిని రూపొందించాడు. 1948లో షికాగో సమీపాన హైన్స్ ఆసుపత్రిలో తొలి అంధ పునరావాస కేంద్రం ఏర్పడింది. దానికి సారథ్యం వహించిన రసెల్ విలియమ్స్ స్వయంగా యుద్ధంలో చూపు కోల్పోయినవాడు. కంటికి చేయవలసిన వైద్యం ముగిసినా మనిషికి చేయవలసిన సేవ ముగియదన్న అవగాహనకు ఈ కేంద్రం సంస్థాగత రూపమిచ్చింది. మిగిలిన కొద్దిపాటి చూపును వినియోగంలోకి తెచ్చే అల్పదృష్టి సేవలో ఆప్టోమెట్రిస్టుల అవసరం తరువాతి కాలంలో ఇక్కడినుంచే స్పష్టమైంది.

3. రెసిడెన్సీ ఆవిర్భావం:
1971లో రోడ్ ఐలండ్ రాష్ట్రం, కంటిపరీక్షకు అవసరమైన మందులను వాడే అధికారాన్ని ఆప్టోమెట్రిస్టులకు ఇచ్చింది. 1976లో వెస్ట్ వర్జీనియా చికిత్సకు మందులు వాడే అధికారాన్నీ కల్పించింది. అధికారం చట్టంతో వస్తుంది గాని అనుభవం చట్టంతో రాదు. కళాశాల చికిత్సాలయాలకు వచ్చేవారిలో అద్దాల కోసం వచ్చే ఆరోగ్యవంతులు ఎక్కువ. నీటికాసులు, మధుమేహం వల్ల రెటీనాకు కలిగే హాని, వయసుతో వచ్చే మాక్యులా క్షీణత వంటివి పెద్ద సంఖ్యలో కనిపించే చోటు వేరే కావలసివచ్చింది. వృద్ధులు అధికంగా వచ్చే మాజీ సైనికుల ఆసుపత్రి ఆ అవసరాన్ని తీర్చింది.

1975లో కాన్సస్ సిటీ ఆసుపత్రిలో తొలి ఆప్టోమెట్రీ రెసిడెన్సీ మొదలైంది. మరుసటి ఏడాది అమెరికా కాంగ్రెస్ చేసిన 94-581 సంఖ్యగల చట్టం, ఈ సంస్థ వైద్యవ్యవస్థలో ఆప్టోమెట్రీకి స్థానాన్ని బలపరచింది. కాలక్రమంలో ఆప్టోమెట్రీ రెసిడెన్సీలకు ఈ ఆసుపత్రులే అతిపెద్ద ఆశ్రయమయ్యాయి.

4. శిక్షణ స్వరూపం:
నాలుగేళ్ల ఆప్టోమెట్రీ పట్టా తరువాత సాధారణంగా ఒక ఏడాదిపాటు సాగే శిక్షణ ఇది. వృత్తి చేయడానికి ఇది తప్పనిసరి కాదు. తక్కువ భృతికి, అదనంగా ఒక ఏడాది వెచ్చించి చేరేవారు ఇష్టపూర్వకంగా చేరేవారే. ఆరంభంలో ప్రతి రోగినీ పర్యవేక్షకుడు తిరిగి పరీక్షిస్తాడు. నైపుణ్యం రుజువైన కొద్దీ రెసిడెంటుకు నిర్ణయాధికారం పెరుగుతుంది.

ఆసుపత్రి నేర్పే ముఖ్యపాఠం కంటిని దేహంలో భాగంగా చూడటం. క్షయకు ఎథాంబ్యుటాల్ వాడే రోగి రంగులు సరిగా తెలియడం లేదంటే, ఆ మందు దృష్టినాడిని దెబ్బతీస్తున్నదేమోనని రెసిడెంటు అనుమానించాలి. రెండు కళ్లలోనూ దృష్టిక్షేత్రం ఒకే పక్క లోపిస్తే మెదడులోని రక్తనాళాల వైపు ఆలోచన మళ్లాలి. రోగి రక్తపరీక్షల ఫలితాలూ, ఇతర విభాగాల వైద్యుల వ్యాఖ్యలూ ఒకే ఎలక్ట్రానిక్ రికార్డులో ఉండటం ఇందుకు తోడ్పడుతుంది. ఒంటరిగా నడిచే కళ్లద్దాల దుకాణంలో ఈ సదుపాయం ఉండదు.

5. హద్దుల వివాదం:
ఈ చరిత్ర నిర్వివాదంగా సాగలేదు. శిక్షణ విస్తరించిన కొద్దీ చికిత్సాధికారం ఎక్కడ ఆగాలన్న ప్రశ్న తీవ్రమైంది. కంటి లేజర్ చికిత్సను నేత్రవైద్యులే చేయాలని 2004లో ఈ సంస్థ నిర్దేశించింది. రోగిభద్రతకు వైద్యవిద్య, శస్త్రచికిత్సా శిక్షణ తప్పనిసరి అన్నది నేత్రవైద్యుల వాదం. నేత్రవైద్యులు అందుబాటులో లేని ప్రాంతాల్లో సేవ ఆగిపోరాదన్నది ఆప్టోమెట్రిస్టుల వాదం. రెండు వాదాలూ రోగి పేరుతోనే సాగాయి. రెండింటి వెనుకా వృత్తి ప్రయోజనాలూ ఉన్నాయి. వీటిని ఒక్క ప్రమాణంతోనే తూచవలసి ఉంటుంది: ఎవరు ఏ పని, ఎంతమంది రోగులపై, ఎవరి పర్యవేక్షణలో నేర్చుకొన్నారు? ఈ ప్రశ్నకు ఆధారంతో బదులు చెప్పే వీలును కల్పించినది రెసిడెన్సీయే.

6. ముగింపు:
పై పరిశీలన రెండు విషయాలను తేటపరుస్తున్నది. మొదటిది, వృత్తి ఎదుగుదలకు చట్టం ద్వారం తెరిచినా, లోపల నిలబడే శక్తినిచ్చినది రోగుల మధ్య గడిపిన కాలమే. రెండవది, ఈ విద్యకు మూలధనం యుద్ధాలు చేసి వచ్చిన సామాన్య సైనికుల కళ్లు. వారు సేవలు పొందారు, విద్యను సాధ్యం చేశారు కూడా. వృత్తుల చరిత్ర చట్టాలనూ అధికారులనూ నమోదు చేసినంత శ్రద్ధగా రోగుల పాత్రను నమోదు చేయలేదు. ఆ లోటును పూరించడం రాబోయే పరిశోధనల బాధ్యత.