మార్కోనీ పేటెంటు - పూర్వులు ముగ్గురు

రేడియోను కనిపెట్టినవాడు మార్కోనీ కాడు, టెస్లా అని అమెరికా సుప్రీంకోర్టు 1943లో తీర్పు చెప్పినదని కొందరు విద్యార్థులు చెప్పుచుందురు. కోర్టు అట్లు చెప్పలేదు. తంతిలేకుండ వార్తలను మొదట జయప్రదముగా పంపిన కీర్తి మార్కోనీ తొలి పేటెంటుకు సంబంధించినదనియు, ఆ విషయము తమ ముందు లేదనియు న్యాయమూర్తులు స్పష్టముగా వ్రాసిరి. ప్రధాన వివాదము 763772 సంఖ్య గల తరువాతి పేటెంటును గురించి.

తన పేటెంటులను ప్రభుత్వము అనుమతి లేక వాడుకొన్నదని అమెరికాలోని మార్కోనీ కంపెనీ 1916లో దావా వేసెను. ఆ పేటెంటులోని ముఖ్య విషయమిది: ప్రేషకములో రెండు వలయములు, గ్రాహకములో రెండు వలయములు ఉండును. ఈ నాల్గింటిని ఒకే పౌనఃపున్యమునకు శ్రుతి చేయవలెను. ఒకే శ్రుతిలోనున్న రెండు వీణలలో ఒకదాని తీగను మీటినచో రెండవదాని తీగయు కంపించును గదా! ఇదియు అట్టిదే. ఒక స్టేషను వార్త మరియొక దానితో కలిసిపోకుండుటకు ఈ శ్రుతియే ఆధారము.

మార్కోనీ అమెరికాలో దరఖాస్తు పెట్టినది 1900 నవంబరు 10న. అంతకు పూర్వమే మరియెవరైన ఈ సంగతి చెప్పియుండిరా? క్రింది కోర్టు 1935లో, చెప్పియుండిరనియే తలచి, ముఖ్యమైన క్లెయిములు చెల్లవనెను. కంపెనీ సుప్రీంకోర్టుకు పోయెను.

లాడ్జి 1898 పేటెంటులో, తీగచుట్టను మార్చి ఏరియల్ వలయమును శ్రుతి చేయు పద్ధతి కలదు. టెస్లా 1897లో దరఖాస్తు చేసిన ఏర్పాటులో నాలుగు శ్రుతి వలయములును కలవు. అయితే అది విద్యుచ్ఛక్తిని దూరమునకు పంపుటకు ఉద్దేశించినది. వార్తల పేటెంటుకు దానితో ఏమి సంబంధము? అదే పరికరము వార్తలకును పనికివచ్చునని టెస్లా స్వయముగా వ్రాసియుండెను. కావున సంబంధము కలదని కోర్టు తలచెను.

అన్నిటికంటె చిక్కైనది జాన్ స్టోన్ స్టోన్ సంగతి. (పేరులో అచ్చుతప్పు లేదు.) ఇతని దరఖాస్తు 1900 ఫిబ్రవరి నాటిది. కాని ఏరియల్‌ను కూడ శ్రుతి చేయవలెనను మాటను ఇతడు స్పష్టముగా చేర్చినది 1902లో, సవరణ ద్వారా. మార్కోనీని చూచి చేర్చెనా? 1899లో స్టోన్ తన మిత్రునకు వ్రాసిన ఉత్తరములను పరిశీలించి, ఆ భావము మొదటినుండియు అతనికి కలదని కోర్టు నిర్ణయించెను. 1943 జూన్ 21న ఐదుగురు న్యాయమూర్తులు కంపెనీకి వ్యతిరేకముగా తీర్పు చెప్పిరి.

ముగ్గురు ఒప్పుకొనలేదు. వారిలో ఫ్రాంక్‌ఫర్టర్, ఒక ఆవిష్కరణ జరిగిన చాల కాలమునకు వెనుదిరిగి చూచినచో అది సులభముగనే తోచునని హెచ్చరించెను. 1911లో ఇంగ్లండు న్యాయమూర్తి పార్కర్ అచ్చటి మార్కోనీ పేటెంటును నిలబెట్టిన మాటయు వాస్తవమే. ఈ ఆక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. అయితే స్టోన్ ఉత్తరములు 1899 నాటివే కనుక, వానికి ఇది అంతగా వర్తించదు.

తీర్పు వెలువడునాటికి ఆ నలుగురిలో ఒక్కరును జీవించిలేరు. మార్కోనీ 1937లో, లాడ్జి 1940లో, టెస్లా 1943 జనవరిలో మరణించిరి. స్టోన్ మరణించినది తీర్పుకు ఒక నెల ముందు.