కృత్రిమ మోకాలు.. నలుగురు కూడితేనే నడక

రోడ్డు ప్రమాదంలోనో, మధుమేహంతో మానని పుండు వల్లనో మోకాలి పైవరకు కాలు తీసివేయవలసి వచ్చిన వారికి కృత్రిమ పాదం ఒక్కటే చాలదు. బరువు మోపినప్పుడు నిలవాలి, అడుగు తీసినప్పుడు మడవాలి. ఈ రెండు పనులూ చేసే మోకాలు కావాలి. నాసిరకం కీలు నడిరోడ్డుపై మడతపడి మనిషిని పడవేస్తుంది. మేలైన విదేశీ కీళ్ల ధర సామాన్యునికి అందదు. ఈ చిక్కును విప్పే ప్రయత్నంలో మద్రాసు ఐఐటీ 2022లో ‘కదం’ అనే కృత్రిమ మోకాలిని విడుదల చేసింది. హిందీలో కదం అంటే అడుగు. మెకానికల్ ఇంజినీరింగ్ ఆచార్యులు సుజాతా శ్రీనివాసన్ నేతృత్వంలోని టీటీకే పునరావాస పరిశోధన కేంద్రం దీనిని రూపొందించింది.

నాలుగు కడ్డీల కిటుకు

తలుపు బందు వంటి సాధారణ కీలు ఒకే ఇరుసు చుట్టూ తిరుగుతుంది. శరీర భారం ఆ ఇరుసుకు వెనుకగా పడితే కాలు మడతపడుతుంది. ‘కదం’ బహుకేంద్రక కీలు. ఇటువంటి కీలులో నాలుగు కడ్డీలను నాలుగు పిన్నులతో కూర్చుతారు. కాలు చాచినప్పుడు తిరుగుడు కేంద్రం వెనుకకు, పైకి జరిగి ఉంటుంది. అందువల్ల మడమ ఆనించి బరువు మోపినా కీలు బిగిసి నిలుస్తుంది. మడవగానే కేంద్రం స్థానం మారుతుంది, కాలి పొడవు కొద్దిగా తగ్గుతుంది. ఫలితంగా కాలివేళ్లు నేలకు తగిలి తూలిపడే ముప్పు తగ్గుతుంది.

ఎవరి వంతు ఏమిటి?

కడ్డీల కొలతలు లెక్కగట్టడం మెకానికల్ ఇంజినీరు పని. నడకలో ఏ క్షణాన మోకాలిపై ఎంత భారం పడుతుందో తేల్చేది జీవయాంత్రిక శాస్త్రం. ఏ లోహం అరగదో, తుప్పు పట్టదో చెప్పేది లోహశాస్త్రం. ‘కదం’కు స్టెయిన్‌లెస్ స్టీలును, దృఢమైన అల్యూమినియం మిశ్రమాన్ని వాడారు. కాలిని రోగికి అమర్చి, నడక నేర్పేది కృత్రిమ అవయవ నిపుణుడు, ఫిజియోథెరపిస్టు. అందుకే సొసైటీ ఫర్ బయోమెడికల్ టెక్నాలజీ, బెంగళూరులోని మొబిలిటీ ఇండియా సంస్థలు ఐఐటీతో చేతులు కలిపాయి.

ఇటువంటి కలయిక తెలుగు నేలకు కొత్త కాదు. క్షిపణి కోసం తయారుచేసిన తేలికపాటి పదార్థాన్ని హైదరాబాద్ నిమ్స్ వైద్యుడొకరు చూడటంతో, పోలియో పిల్లలు మోస్తున్న మూడు కిలోల ఊతపట్టీల స్థానంలో 300 గ్రాముల పట్టీలు తయారయ్యాయని అబ్దుల్ కలాం పలుమార్లు చెప్పారు.

30 లక్షల సార్లు భారం

కృత్రిమ కాళ్ల దృఢత్వానికి ఐఎస్ఓ 10328 అంతర్జాతీయ ప్రమాణం. దాని ప్రకారం ‘కదం’పై 30 లక్షల సార్లు భారం మోపి పరీక్షించారు. ఈ మోకాలు 160 డిగ్రీల వరకు మడుస్తుంది. బస్సులోనో, ఆటోలోనో ఇరుకు చోట కూర్చోవలసిన వారికి ఇది ముఖ్యం.

ఇదే కేంద్రం 2019లో ‘అరైజ్’ అనే చక్రాల కుర్చీని సుమారు రూ.15 వేల ధరలో తెచ్చింది. ఇందులో కూర్చున్నవారు ఇతరుల సాయం లేకుండా నిలబడగలరు. నిత్యం కూర్చునే ఉండటంతో వచ్చే పుండ్లు, ఎముకల బలహీనత వంటి బాధలు నిలబడటం వల్ల తగ్గుతాయి.

కుటుంబాలు గమనించవలసినవి

* తొడకు తగిలించే తొడుగు కొలత సరిగా కుదరకపోతే ఎంత మంచి మోకాలైనా మూలన పడుతుంది. రాపిడి, పుండు కనిపిస్తే వాడకం ఆపి నిపుణుని కలవాలి.
* కాలు తీసివేసిన తొలి నెలల్లో మిగిలిన భాగం పరిమాణం మారుతుంటుంది. తొడుగును మార్చవలసి రావచ్చు.
* కేవలం ధర చూడరాదు. మరమ్మతు ఎక్కడ చేస్తారో, నడక శిక్షణ ఎవరిస్తారో ముందే అడగాలి.
* కేంద్ర ప్రభుత్వ ‘అడిప్’ పథకం కింద ఉపకరణాలకు సాయం అందుతుంది. 40 శాతం వైకల్యాన్ని ధ్రువీకరించే పత్రం ఉండాలి. ఆదాయ పరిమితీ వర్తిస్తుంది.

ప్రయోగశాలలో పుట్టిన కీలు పల్లెవాసిని పొలం గట్టుపై నడిపించాలంటే, అమర్చే నిపుణుడు అతనికి చేరువలో ఉండాలి. పరిశోధన ఫలితం చివరికి తేలేది అక్కడే.