ఇంగ్లీషులో మోడల్ క్రియావిశేషణాలు

ఒక సంగతి జరిగి తీరుతుందా, జరగవచ్చా, జరగాల్సిందేనా అన్న విషయంలో మాట్లాడేవారి అంచనాను తెలిపే ఇంగ్లీషు క్రియావిశేషణాలివి. 'సర్టెన్లీ', 'డెఫినిట్లీ', 'ప్రాబబ్లీ', 'పర్హాప్స్', 'మేబీ', 'పాసిబ్లీ', 'నెసెసరిలీ' వీటిలో తరచు కనిపించేవి. 'మస్ట్', 'మే', 'షుడ్' వంటి మోడల్ సహాయక క్రియలు చేసే పని చాలావరకు ఇవీ చేస్తాయి. అయితే క్రియను అంటిపెట్టుకోవు, వాక్యం మొత్తం మీద వ్యాఖ్యగా నిలుస్తాయి. పాఠ్యపుస్తకాలు సహాయక క్రియలకు అధ్యాయాలు కేటాయించి, వీటిని సాధారణంగా నాలుగు ఉదాహరణలతో సరిపెడతాయి.

పేర్లు, వర్గీకరణ

వీటిని ఏమని పిలవాలన్న దానిపై వ్యాకర్తలు ఏకాభిప్రాయానికి రాలేదు. సిడ్నీ గ్రీన్‌బామ్ 1969 నాటి తన అధ్యయనంలో వీటిని 'డిస్‌జంక్ట్' అన్న కోవలో చేర్చాడు. రాండాల్ఫ్ క్వర్క్ బృందం 1985లో తెచ్చిన బృహద్వ్యాకరణం కూడా ఆ పేరునే నిలుపుకుంది. 1999 నాటి లాంగ్‌మన్ వ్యాకరణం వక్త వైఖరిని తెలిపే మాటలన్నిటినీ 'స్టాన్స్ అడ్వెర్బియల్' అన్న గొడుగు కిందికి తెచ్చింది. 2002లో హడిల్‌స్టన్, పుల్లమ్ సంపాదకత్వంలో వెలువడిన కేంబ్రిడ్జ్ వ్యాకరణం బలాన్ని బట్టి నాలుగు మెట్లు కట్టింది. 'సర్టెన్లీ' పై మెట్టు మీద, 'ప్రిజ్యూమబ్లీ' దాని కింద, 'ప్రాబబ్లీ' మూడో మెట్టు మీద, 'పర్హాప్స్', 'పాసిబ్లీ' అడుగున ఉంటాయి. చదువరికి ఎక్కువ అక్కరకొచ్చేది బహుశా ఈ చివరి పద్ధతే. 'అప్పారెంట్లీ'ని కూడా అందులో రెండో మెట్టు మీదే నిలపడం మాత్రం చర్చనీయం. ఆ మాట నమ్మకం ఎంతో చెప్పదు, సమాచారం ఎక్కడినుంచి వచ్చిందో చెబుతుంది. తెలుగులో 'వచ్చాడట' అన్నప్పుడు 'అట' చేసే పని కూడా ఇంచుమించు అదే. ఇలాంటివి మోడాలిటీలో భాగమేనని ఎఫ్. ఆర్. పామర్ 1986లో భావించగా, అలెగ్జాండ్రా ఐఖెన్‌వాల్డ్ 2004లో వాటిని వేరే వర్గంగా చూపింది.

వాక్యంలో చోటు

చోటు మారితే అర్థం మారడం వీటిలో ముఖ్య లక్షణం. 'హీ డిడ్ నాట్ ఆన్సర్ క్లియర్లీ' అంటే అతను స్పష్టంగా జవాబివ్వలేదని. 'క్లియర్లీ, హీ డిడ్ నాట్ ఆన్సర్' అంటే అతను అసలు జవాబే ఇవ్వలేదన్నది స్పష్టమని. మొదటి వాక్యంలో ఆ మాట జవాబు తీరును వర్ణిస్తుంది, రెండోదానిలో చెప్పేవారి నిర్ధారణను తెలుపుతుంది. వ్యతిరేకార్థంలో 'ప్రాబబ్లీ' సాధారణంగా 'వోంట్'కు ముందే వస్తుంది: 'హీ ప్రాబబ్లీ వోంట్ కమ్'. 'పాసిబ్లీ' ఇందుకు భిన్నంగా 'కాంట్' వెనక చేరి, అసాధ్యాన్ని నొక్కి చెబుతుంది.

సహాయక క్రియ, క్రియావిశేషణం ఒకే మెట్టువైతే రెండూ కలిసిపోతాయి. 'మే పాసిబ్లీ'లో ఉన్నవి రెండు సందేహాలు కావు, ఒక్కటే. జాన్ లయన్స్ 1977లో దీన్ని శ్రుతి కలవడంగా వివరించాడు. మెట్లు వేరైతే మాత్రం దేని పని దానిదే.

నిశ్చయం

నిశ్చయార్థకాలు వాక్యానికి బలం చేకూరుస్తాయన్నది ప్రచారంలో ఉన్న అభిప్రాయం. ఎం. ఎ. కె. హాలిడే దీన్ని తిరగేశాడు. నిశ్చయం లేని చోటే నిశ్చయమని చెప్పుకోవాల్సి వస్తుందని ఆయన వాదన. 'హీ ఈజ్ ఎట్ హోమ్' అంటే ఇంట్లో ఉన్నాడు, అంతే. 'హీ ఈజ్ సర్టెన్లీ ఎట్ హోమ్' అనగానే ఎవరో కాదన్నారనో, చెప్పేవారు కళ్లారా చూడలేదనో వినేవారికి తోస్తుంది. వాడుకను గమనిస్తే హాలిడే వైపే మొగ్గవలసి ఉంటుంది. 'ష్యూర్లీ' మరో అడుగు దిగుతుంది. అది ప్రకటించడం కన్నా ఎదుటివారిని ఒప్పుకోమనడమే ఎక్కువ. 'ష్యూర్లీ యూ రిమెంబర్' అన్న మాటలో, గుర్తులేదా ఏమిటన్న అనుమానం దాగి ఉంటుంది. ఆహ్వానానికి జవాబుగా 'ష్యూర్లీ ఐ విల్ కమ్' అని రాసే అలవాటు మనవారిలో ఉంది. అక్కడ ఒదిగేది 'సర్టెన్లీ' లేదా 'డెఫినిట్లీ'.

సంభావ్యత

'పర్హాప్స్' సంకరజాతి మాట. ముందు భాగం లాటిన్ ద్వారా వచ్చిన 'పర్', వెనక భాగం నార్స్ మూలం నుంచి వచ్చిన 'హాప్'. ఇది 15వ శతాబ్ది చివర పుట్టిందని కొందరు, ఈ రూపంలో 16వ శతాబ్ది తొలినాళ్లలోనే స్థిరపడిందని కొందరు అంటారు. రెండో కాలం ఎక్కువ భద్రమైనది. అంతకు ముందు ఈ పనిని 'పర్‌చాన్స్', 'పర్‌అడ్వెంచర్' చేసేవి. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో 'పర్‌అడ్వెంచర్' పదేపదే కనిపిస్తే, 'పర్హాప్స్' అరుదు. 'మేబీ' మధ్యయుగపు 'ఇట్ మే బీ' కుదించుకుపోగా మిగిలినది. నేడు 'మేబీ' సంభాషణల్లో, ముఖ్యంగా అమెరికాలో ఎక్కువ. రాతలో, బ్రిటిష్ వాడుకలో 'పర్హాప్స్'కు మొగ్గు.

ఈ మాటలకు అంకెలు కట్టే ప్రయత్నాలు ఆసక్తికరమైనవి. 1951లో అమెరికా గూఢచార అంచనా పత్రం ఒకటి, ఆ ఏడాది యుగోస్లావియా మీద దాడి జరిగే అవకాశాన్ని 'సీరియస్ పాసిబిలిటీ' అని పేర్కొంది. దాని వెనకున్న షెర్మన్ కెంట్ మనసులో ఉన్న అంచనా 65కు 35. తోటి అధికారులను విడివిడిగా అడిగితే వారి అంచనాలు 20 నుంచి 80 శాతం దాకా పరచుకుని ఉన్నాయి. అందరూ సంతకం పెట్టినది ఒకే వాక్యం మీద! 1964లో కెంట్ ఈ ఉదంతాన్ని రాస్తూ ఒక పట్టిక ప్రతిపాదించాడు. అందులో దాదాపు ఖాయమంటే 93 శాతం, ఆరు అటూ ఇటూ. 'ప్రాబబుల్' అంటే 75, పన్నెండు అటూ ఇటూ. సహోద్యోగుల్లో అంకెలు కోరినవారిని గణితజ్ఞులని, వద్దన్నవారిని కవులని ఆయన విభజించాడు. వాతావరణ మార్పుపై ఏర్పడిన ఐపీసీసీ సైతం ఇదే బాట పట్టింది. దాని 2010 మార్గదర్శకాల ప్రకారం 'లైక్లీ' అంటే 66 నుంచి 100 శాతం, 'వెరీ లైక్లీ' అంటే 90 నుంచి 100. పాఠకులు మాత్రం ఈ మాటలను ఉద్దేశించినదానికన్నా మధ్యస్థంగా అర్థం చేసుకుంటున్నారని డేవిడ్ బుడెస్కు బృందం 2009లో తేల్చింది.

విధి

ఈ శాఖ పలుచన. ఇంగ్లీషు విధిని చెప్పే బరువును ప్రధానంగా 'మస్ట్', 'షల్', 'షుడ్', 'హావ్ టు' మీదే వేసింది. 'నెసెసరిలీ'ని విధ్యర్థకంగా చూపే పుస్తకాలున్నాయి గానీ, అది ఎక్కువగా తార్కిక అనివార్యతను చెబుతుంది. అదీ చాలాసార్లు 'నాట్' తోడుంటేనే. 'కంపల్సరిలీ' బ్రిటిష్ రాతల్లో భూసేకరణ, పదవీ విరమణ వంటి సందర్భాల్లో కనిపిస్తుంది. భారతీయ ఇంగ్లీషులో దాని పరిధి విస్తృతం. పాఠశాలల, కార్యాలయాల సర్క్యులర్లలో 'షుడ్ కంపల్సరిలీ అటెండ్' మామూలు మాట. తెలుగునాట దీని వెనక 'విధిగా హాజరు కావలెను' నీడ ఉండవచ్చు. 'తప్పకుండా వస్తాడు'లో నిశ్చయాన్ని, 'తప్పకుండా రావాలి'లో విధిని ఒకే మాటతో చెప్పే అలవాటూ కొంత తోడ్పడి ఉండవచ్చు. 'మస్ట్ అటెండ్' అని ఉన్న ఉత్తర్వుకు 'కంపల్సరిలీ' చేర్చినంత మాత్రాన బలం పెరగదు.